ప్రారబ్ధం మొదలయ్యే చోటు

జ్ఞానం కలిగిన మరుక్షణమే కర్మ అంతా భస్మమైపోతుందని చెప్పే అద్వైతం, జ్ఞాని శరీరం ఆ తర్వాత కూడా ఆకలిదప్పులతో, రోగాలతో ఏళ్ల తరబడి ఎందుకు నిలిచి ఉంటుందన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. శంకరాచార్యుల సమాధానం కర్మను రెండుగా విడదీయడం మీద ఆధారపడి ఉంది. ఫలమివ్వడం ఇంకా మొదలుపెట్టని కర్మ జ్ఞానంతో నశిస్తుంది, మొదలుపెట్టేసిన కర్మ, అంటే ప్రారబ్ధం, అనుభవించి తీర్చుకోవలసిందే. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయంలో దీనికి కుమ్మరిసారెను ఉదాహరణగా చూపిన భాష్యకారులు, గీత పదమూడో అధ్యాయం భాష్యంలోనూ ఛాందోగ్యం ఆరో అధ్యాయం భాష్యంలోనూ విడిచిన బాణాన్ని తీసుకున్నారు. గీతాభాష్యంలోని పోలికకు రెండు వైపులున్నాయి. వింటి నుంచి వెలువడిన బాణం గురిని చీల్చిన తర్వాత కూడా వేగం తీరేదాకా పోయి గాని పడదు, అదే బాణం వింట సంధించి ఉండి ఇంకా విడవకపోతే వెనక్కి తీసుకోవచ్చు.

ఈ పోలికను తరువాతి కాలపు ఉపన్యాసకులు సంచితాన్ని, అంటే ఇదివరకు కూడిన కర్మను, అమ్ములపొదిలోని బాణాలుగా, ఆగామిని, అంటే ఇకపై చేరబోయే కర్మను, చేతిలోని బాణంగా, ప్రారబ్ధాన్ని విడిచిన బాణంగా మూడు వాటాలు వేసి చెప్పి ముగిస్తుంటారు. అయితే పోలిక బరువంతా పడేది వాటాల మీద కన్నా వాటి మధ్య సరిహద్దు మీద. సంధించిన బాణం విడిచిన బాణంగా మారే ఆ చోటు ఏది, అది ఒక బిందువా లేక కొంత నిడివి ఉన్న ప్రదేశమా, ఆ ప్రదేశంలో ఏది ఖాయమవుతుంది అన్నవి తేలితే తప్ప ప్రారబ్ధం అన్న మాటను ఎంతవరకు వాడవచ్చో తేలదు. వింటి విషయంలో వేళ్లు నారిని వదలడం, నారి బాణాన్ని తోయడం, బాణం నారిని వీడటం కంటికి ఒక్కటిగానే తోస్తాయి. రైఫిల్ గొట్టంలో మాత్రం అదే సరిహద్దు ఉక్కులో తొలిచి ఉంటుంది. దానికి పొడవు, వ్యాసం, వాలు ఉంటాయి. తుపాకీ పనివారి పరిభాషలో త్రోట్ అనే పేరున్న ఆ భాగాన్ని ఇక్కడ గొంతు అని వ్యవహరించడమైంది.

మజ్ఝిమ నికాయంలో బుద్ధుడు మాలుంక్యపుత్రుడికి చెప్పిన ఉపమానం ఈ పూనికకు అడ్డు వస్తుందని ఎవరైనా అనవచ్చు. విషబాణం తగిలినవాడు, విల్లు ఏ రకానిది, నారి దేనితో పేనినది, ఈకలు ఏ పక్షివి అన్నది తెలిసేదాకా బాణం పెరకనివ్వనంటే ఆ సంగతులు తెలియకుండానే చచ్చిపోతాడని అక్కడి బోధ. కాని ఆ ఉపమానం దెబ్బ తిన్నవాడి వైపు నిలబడి చెప్పినది. విడిచేవాడి వైపు నిలబడినప్పుడు విల్లు గురించి, నారి గురించి అడగడం వృథా విచారణ కాదు సరిగదా, అడగకపోవడమే దోషం.

బాణం గమనాన్ని భారతీయ దర్శనాల్లో అన్నిటికన్నా నిశితంగా పరిశీలించినది వైశేషికం. కణాదుడి సూత్రాల ఐదో అధ్యాయం ప్రకారం బాణానికి తొలి కదలిక నోదనం వల్ల పుడుతుంది, ఆ కదలిక బాణంలో వేగమనే సంస్కారాన్ని పుట్టిస్తుంది, తర్వాతి కదలికలన్నీ ఆ సంస్కారం వల్ల సాగుతాయి, సంస్కారం తీరినప్పుడు గురుత్వం, అంటే బరువు, బాణాన్ని కిందికి దించుతుంది. నోదనమంటే తోసేది, తోయబడేది వెంటనే విడిపోకుండా కలిసి సాగేలా చేసే సంయోగం. తాకిన వెంటనే విడిపోయేలా చేసే సంయోగానికి అభిఘాతమని పేరు. చేతితో బండిని నెట్టడం మొదటిది, రోకలి రోటిని తాకి పైకి ఎగరడం రెండోది. బాణం పడేదాకా దానిలో ఉండే వేగం ఒక్కటేనా, లేక ఒక వేగం నశిస్తూ మరొక వేగాన్ని పుట్టిస్తూ పోయే పరంపరా అన్న విషయంలో వైశేషిక ఆచార్యుడైన ప్రశస్తపాదుడి సంప్రదాయానికీ న్యాయదర్శనాన్ని అనుసరించే కొందరు నైయాయికులకూ భేదం ఉంది. ప్రారబ్ధ చర్చకు ఆ భేదం పెద్దగా పట్టదు. నోదనానికీ అభిఘాతానికీ మధ్యనున్న భేదమే పట్టేది.

రైఫిల్‌లో తూటా కూర్చునే గదిని చాంబర్ అంటారు. ఇత్తడి ఖోలు, అందులో మందు, ఖోలు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, ఖోలు మూతిలో బిగించిన గుండు కలిసి ఒక తూటా అవుతుంది. ఖోలు మూతి ముగిసిన చోటు నుంచి గొంతు మొదలవుతుంది. మొదటి భాగం గుండు వ్యాసం కంటే వెంట్రుకవాసి వెడల్పుగా, నున్నగా, సమంగా ఉండే గొట్టం. దీనికి ఫ్రీబోర్ అని పేరు. పోటీ తుపాకుల్లో గుండుకూ ఈ గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటే, సాధారణ తుపాకుల్లో అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. దాని తర్వాత రైఫ్లింగ్, అంటే గొట్టం లోపల మెలికగా సాగే గాడులు, వాటి మధ్య మిగిలిన గట్లు, ఏటవాలుగా పైకి లేస్తాయి. 7.62 మిల్లీమీటర్ల తుపాకీలో గట్టు నుంచి గట్టుకు 7.62 మిల్లీమీటర్లు ఉంటే గాడి నుంచి గాడికి 7.82 మిల్లీమీటర్లు ఉంటుంది, గుండు వ్యాసం కూడా అంతే. అందువల్ల గుండు గొట్టంలోకి పోవాలంటే ప్రతి గట్టూ దాని రాగి తొడుగులోకి మిల్లీమీటరులో పదో వంతు లోతున దిగాలి. వాలు ఒకటిన్నర డిగ్రీ అయితే ఆ పదో వంతు లేవడానికి గట్టుకు దాదాపు నాలుగు మిల్లీమీటర్ల దూరం పడుతుంది. ఈ చర్చ అంతా ఆ నాలుగు మిల్లీమీటర్ల గురించీ వాటికి ముందున్న కాస్త ఖాళీ గురించీ నడుస్తుంది.

గొంతు కంటికి కనిపించదు. దాన్ని చూడదలచిన పనివాడు గొట్టాన్ని శుభ్రం చేసి, కాస్త ముందు గుడ్డముక్క దోపి, 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే సెర్రోసేఫ్ అనే బిస్మత్ మిశ్రలోహాన్ని చాంబర్‌లో పోస్తాడు. ఆ లోహం గట్టిపడేటప్పుడు మొదట కొంచెం కుంచించుకుని, అచ్చు బయటికి రానిచ్చి, ఆపైన మెల్లగా వ్యాకోచించి, గంట సేపటికి అసలు కొలతకు చేరుతుంది, అప్పుడే కొలవాలి. బూడిదరంగు అచ్చు మీద ఖోలు మెడ ముగిసిన అంచు, తర్వాత నున్నటి పట్టీ, దాని చివర సన్నగా మొదలై వెడల్పయ్యే గాళ్ల నాలుకలు కనిపిస్తాయి. గాళ్లు అన్ని వైపులా ఒకే చోట మొదలైతే రీమర్, అంటే చాంబర్‌ను తొలిచే పనిముట్టు, గొట్టం ఇరుసు మీద సూటిగా నడిచిందని అర్థం. ఒక పక్క గాడి ముందుగానూ ఎదుటి పక్క గాడి వెనకగానూ మొదలైతే ఆ తుపాకీలో పేలబోయే ప్రతి గుండుకూ ఒక వంకర ముందే రాసిపెట్టి ఉన్నట్టు.

ట్రిగ్గర్ నొక్కిన తర్వాత జరిగేదంతా కొన్ని మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. సూది ప్రైమర్‌ను కొడుతుంది, ప్రైమర్ నిప్పు మందుకు అంటుకుంటుంది, వాయువు ఖోలు మెడను వ్యాకోచింపజేసి గుండు మీద పట్టును సడలిస్తుంది, మందు ఇంకా పూర్తిగా కాలకముందే గుండు కదిలి ఫ్రీబోర్‌లో అడుగుపెడుతుంది. ఈ ఘడియలో దాన్ని వెనక ఖోలూ పట్టుకుని లేదు, ముందు గట్లూ పట్టుకుని లేవు; వాయువు కొంత దాని పక్కల నుంచి ముందుకు జారిపోతుంది కూడా. తర్వాత గుండు భుజం గట్ల వాలును తాకుతుంది, వెనక పెరుగుతున్న ఒత్తిడి దాన్ని లోపలికి కూరుతుంది, గట్లు రాగిని కోసుకుని దిగుతాయి, గుండు గొట్టాన్ని మూసివేసి మెలిక తిరగడం మొదలుపెడుతుంది. 7.62 నాటో తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి దాదాపు 415 మెగాపాస్కల్స్, అంటే వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లకు పైమాట.

వాయువు గుండును తోయడం నోదనమే, అందులో చిక్కు లేదు. గట్లను తాకడం మాత్రం వైశేషికుడిని కాస్త ఇబ్బంది పెడుతుంది. తాకిడి ఉంది కనుక అది అభిఘాతం కావాలి, కాని తాకినవి విడిపోవడం లేదు, గొట్టం చివరిదాకా ఒకదాన్నొకటి పట్టుకునే సాగుతాయి. అభిఘాతంగా మొదలై విభాగం లేని సంయోగంగా స్థిరపడే ఈ ఘటనకు పాత వర్గీకరణలో నేరుగా చోటు లేదు. ప్రారబ్ధం మొదలయ్యే చోటును వెతకవలసింది ఇక్కడే అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ గుండుకు కొత్త వేగం మాత్రమే కాక ఒక దారి కూడా అంటుకుంటోంది.

అయినా ఆ మాట అనడానికి ముందు మిగిలిన చోట్లను కూడా పరీక్షించాలి. ట్రిగ్గర్ నొక్కడమే విడుపు అనుకుంటే, పేలని తూటా ఆ నిర్ణయాన్ని ఖండిస్తుంది; వేలు తన పని చేసింది, బాణం మాత్రం వింటనే ఉంది. ప్రైమర్ పేలడమే విడుపు అనుకుంటే, కాల్పుల మైదానాల్లో అందరూ భయపడే మరొక సంగతి అడ్డు వస్తుంది. మందు పోయడం మరచిపోయిన తూటాలో ప్రైమర్ ఒక్కటే పేలి, గుండును ఖోలు నుంచి నెట్టి, గట్లలోకి కొద్దిగా కూరి ఆపేస్తుంది. కదలిక మొదలైంది, గొంతు దాటింది, ముద్ర కూడా పడింది, కాని అది ఎటూ పోలేదు. దాన్ని గొట్టం మూతి నుంచి కడ్డీ పెట్టి వెనక్కి కొట్టి తీయవచ్చు. తెలియక వెనకాల మరొక తూటా పేల్చితే గొట్టమే పగిలిపోతుంది. శంకరుల పోలికలోని రెండు వైపుల్లో ఇది దేనికీ చెందదు. విడిచినదీ కాదు, విడవనిదీ కాదు.

న్యాయదర్శనం ఇక్కడ అక్కరకు వస్తుంది. కార్యం ఏ ఒక్క కారణం వల్లా పుట్టదనీ, సహకారి కారణాలన్నీ చేరి సామగ్రి, అంటే కారణసమూహం, పూర్తయినప్పుడే పుడుతుందనీ నైయాయికులు చెబుతారు. ఆ దృష్టితో చూస్తే విడుపు అనేది వేలు కదలికలోనూ లేదు, నిప్పులోనూ లేదు. తోసే వాయువు చాలినంత పెరగడం, గుండు గట్లలో దిగి దారి పట్టడం రెండూ కలిసినప్పుడు అది పూర్తవుతుంది. సంకల్పం సామగ్రిలో ఒక భాగం మాత్రమే. దీన్నిబట్టి సంకల్పించినవాడి బాధ్యత తగ్గుతుందని కొందరు వాదించవచ్చు గాని, అసలు సంగతి దానికి ఎదురుగా ఉంది. సామగ్రిలోని మిగిలిన భాగాలు, గొంతును సూటిగా తొలవడం, గుండును ఖోలులో నిటారుగా బిగించడం, మందు తూచి పోయడం, అన్నీ ఎవరో ఒకరు ముందుగా, తీరుబడిగా, వెనక్కి తీసుకోవడానికి వీలున్న వేళలో చేసినవే.

గొట్టంలోకి దిగిన తర్వాత రైఫ్లింగ్ గుండును సరిచేస్తుందన్నది చాలామందికి ఉన్న నమ్మకం, తుపాకులు తెలిసినవారిలోనూ కొందరికి ఉంది. అది పొరపాటు. గుండు గట్లను తాకే క్షణంలో ఇరుసు నుంచి ఇసుమంత వాలి ఉంటే, గట్లు ఆ వాలును అలాగే ముద్ర వేసి, అలాగే తిప్పుతూ తీసుకుపోతాయి. వైద్యవిద్య చదివి ఆ వృత్తిని పక్కన పెట్టి తుపాకుల పరిశోధనలో దశాబ్దాలు గడిపిన అమెరికన్ ఫ్రాంక్లిన్ మాన్, 1909లో ప్రచురించిన గ్రంథంలో, కావాలని సమతౌల్యం చెడగొట్టిన గుండ్లను వరసగా నిలిపిన కాగితపు తెరల గుండా కాల్చి, అవి దారి తప్పే తీరును చూపాడు. 7.62 తుపాకీలో గుండు ప్రతి 305 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతూ సెకనుకు 840 మీటర్ల వేగంతో బయటికి వస్తుందనుకుంటే, ఆ తిరుగుడు సెకనుకు 2,750 చుట్లకు పైమాటే. గుండు గురుత్వకేంద్రం ఇరుసుకు మిల్లీమీటరులో వందో వంతు పక్కన ఉన్నా, గొట్టం మూతి వీడిన క్షణాన అది సెకనుకు 17 సెంటీమీటర్ల అడ్డవేగంతో పక్కకు తొలుగుతుంది, వంద మీటర్ల దగ్గర దాదాపు రెండు సెంటీమీటర్లు తేడా పడుతుంది. గొట్టం పొడవునా గుండు మీద ఎన్ని బలాలు పనిచేసినా ఆ రెండు సెంటీమీటర్లను పుట్టించింది గొంతులోని నాలుగు మిల్లీమీటర్లే.

దారి దోషాన్ని సరిచేయదు, స్థిరపరుస్తుంది అన్న ఈ సంగతి ప్రారబ్ధ చర్చలో తగినంతగా పట్టించుకోనిది. ప్రారబ్ధం తిరుగులేనిదని చెప్పేవారిలో చాలామంది ఆ తిరుగులేనితనాన్ని సరిహద్దుకు ఇవతలికి కూడా పాకించి, ఇంకా అమ్ములపొదిలో ఉన్నవాటిని సైతం విడిచినవాటి లెక్కలో వేస్తారు. రోగానికి మందు వేయనివాడు, పంటకు నీరు కట్టనివాడు, కూతురి చదువు మాన్పించినవాడు అందరూ ప్రారబ్ధమనే అంటారు. శంకరుల పోలికలో ఇందుకు ఏ ఆధారమూ లేదు. సంధించిన బాణాన్ని వెనక్కి తీసుకోవచ్చన్న రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని మాత్రమే చెప్పుకుంటూ రావడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఫ్రీబోర్ దగ్గర మరొక ఆకర్షణ పొంచి ఉంది. ఖోలు వదిలి గట్లు పట్టని ఆ కాస్త దూరాన్ని స్వేచ్ఛకు సంకేతంగా చూడాలని ఎవరికైనా అనిపించవచ్చు, పేరులోనే అది ఉంది కూడా. కాని పట్టు లేకపోవడం వేరు, స్వాతంత్ర్యం వేరు. పాణిని వ్యాకరణం కర్తను స్వతంత్రుడిగా నిర్వచించింది. గుండు ఆ క్షణంలో ఎవరి పట్టులోనూ లేకపోయినా దేనికీ కర్త కాదు. ఆ ఖాళీ ఎంత ఉండాలన్న విషయంలో కాల్చేవారి మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. కొందరు గుండును గట్లకు ఆనించి బిగిస్తారు, కొందరు అర మిల్లీమీటరు దూకనిస్తారు. ఆనించినప్పుడు గుండుకు ముందుపరుగు ఉండదు కనుక, నిలబడిన చోటు నుంచే ప్రతిఘటన మొదలై ఒత్తిడి త్వరగా, ఎక్కువగా పెరుగుతుంది. రాయ్ వెదర్బీ 1940ల నుంచి తయారు చేసిన వేట తుపాకుల్లో ఇందుకు తలకిందులుగా సెంటీమీటరుకు దగ్గరైన ఫ్రీబోర్ ఉంచి, శిఖర ఒత్తిడిని తగ్గించి, ఎక్కువ మందు పోసే వీలు కల్పించాడు. ఖాళీ పొడవు కన్నా దాని బిగువు ముఖ్యమని ఈ అనుభవాలను కలిపి చూస్తే తోస్తుంది. గోడలు గుండుకు దగ్గరగా ఉంటే దూరం కాస్త ఎక్కువైనా గుండు నిటారుగానే పోతుంది, వదులుగా ఉంటే కొద్ది దూరంలోనే వాలిపోతుంది.

విల్లు పోలికలో బొత్తిగా కనిపించనిది ఇంకొకటి ఉంది. బాణం పోయిన తర్వాత విల్లు ఎలా ఉండేదో అలాగే ఉందని ఆ పోలిక అనుకుంటుంది. తుపాకీ గొంతు అలా ఉండదు. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీలు చాలగా, రెండున్నర వేల డిగ్రీల సెల్సియస్ దాటిన వాయువు ప్రతి కాల్పులోనూ దాన్ని నాకుతూ పోతుంది. క్షణంలో కాగి క్షణంలో చల్లారే పైపొర బీటలు వారుతుంది, కొన్ని వందల కాల్పుల తర్వాత కెమెరా దూర్చి చూస్తే ఎండిన చెరువు అడుగులా కనిపిస్తుంది, గట్ల మొదళ్లు అరిగి ముందుకు జరుగుతూ పోతాయి. నిన్నటి గుండు పోయిన దారి నేటి గుండుకు లేదు. ఒక్కొక్క కర్మ దాని ఫలంతో తీరిపోతుందని లెక్క వేసినా, అది పోతూ పోతూ మిగిల్చిన అరుగుదల తర్వాతి కర్మకు ప్రవేశద్వారమవుతుంది. వాసన అనే మాటతో శాస్త్రాలు చెప్పినది దాదాపు ఇదే.

పద్నాలుగో శతాబ్దంలో శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన విద్యారణ్యులు జీవన్ముక్తివివేకంలో ఈ చోటును గట్టిగా పట్టుకున్నారు. తత్త్వజ్ఞానం కన్నా ప్రారబ్ధం బలమైనదే అని ఒప్పుకుంటూనే, ఆ ప్రారబ్ధం కన్నా యోగాభ్యాసం బలమైనదని యోగవాసిష్ఠం ఆధారంగా వాదించి, జ్ఞానంతో పాటు వాసనాక్షయం, మనోనాశం కూడా సాధించాలని ఆయన చెప్పారు. పోటీల్లో కాల్చేవారు గొంతు అరిగిన కొద్దీ గట్ల మొదలు ఎక్కడికి జరిగిందో కొలుచుకుని, గుండును ఆ మేరకు ఖోలు నుంచి ముందుకు జరిపి బిగిస్తారు. పోయిన గుండ్లను వారు ఏమీ చేయలేరు, అరిగిన ఉక్కును తిరిగి పెంచలేరు, కాని కొలత మానరు.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సంస్కారాన్ని వేగం, భావన, స్థితిస్థాపకం అని మూడు విధాలుగా చెప్పి, స్థితిస్థాపకానికి చాపను ఉదాహరణగా చూపాడు; చుట్టినా మడిచినా వదలగానే తొల్లింటి స్థితికి వచ్చేది అది. పేలుడులో వ్యాకోచించి చాంబర్ గోడకు అతుక్కున్న ఇత్తడి ఖోలు ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుని సులువుగా బయటికి రావడం ఇలాంటిదే. వేగం గుండులో ఉంది. మరి భావన, అంటే అనుభవం నుంచి పుట్టి స్మృతికి కారణమయ్యే సంస్కారం? గుండు మీద గట్ల ముద్ర ఉంది, నేరపరిశోధన ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద ఆ గీతలను పోల్చి అది ఏ తుపాకీ నుంచి వచ్చిందో నిపుణులు అభిప్రాయం చెబుతారు. అన్నంభట్టు మాత్రం భావన ఆత్మలో తప్ప మరెక్కడా ఉండదంటాడు. ఈ విషయంలో ఆయన పక్షమే సరైనదనిపిస్తుంది. గుండు దేనినీ గుర్తుంచుకోదు, గుర్తుంచుకోవలసింది ట్రిగ్గర్ మీద వేలు పెట్టినవాడు.

శంకరుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణిలో, పులి అనుకుని విడిచిన బాణం, తర్వాత అది ఆవని తెలిసినా ఆగదన్న ఉదాహరణ ఉంది. జ్ఞానం వచ్చింది, కాని గొంతు దాటిన తర్వాత వచ్చింది. గ్రంథం అక్కడ ప్రారబ్ధ బలాన్ని స్థాపించడం కోసం ఆ ఉదాహరణను వాడింది, వేటగాడిని నిందించడం దాని ఉద్దేశం కాదు. అయినా వేటగాడు పొదల్లో కదిలినది పులా ఆవా అని ఇంకొక్క క్షణం చూసి ఉండవలసిందా అన్న ప్రశ్న ఆ శ్లోకం పక్కనే ఊరికే నిలబడి ఉంటుంది.

గీతాభాష్యంలో బాణం గురిని చీల్చిన తర్వాత కూడా ఆగదన్న చిన్న మాటను కూడా వ్యాఖ్యాతలు ఎక్కువగా పట్టించుకోలేదు. 7.62 గుండు అడ్డు లేకపోతే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు, గురి ఏమో మూడు వందల మీటర్ల దగ్గరే ఉంటుంది. అందుకే కాల్పుల మైదానాల్లో గురిబల్లల వెనక ఎత్తయిన మట్టికట్ట పోస్తారు, వానలకు అది జారిపోయిన చోట మళ్లీ మట్టి ఎత్తించేదాకా ఆ వరస మీద ఎవరినీ కాల్చనివ్వరు.